ఐదువేల వాట్ల డబ్బా, ముప్పై ఆంప్స్ ఫ్యూజు

సంపాదకులు గారికి నమస్కారం సార్.

పోయిన ఆదివారం మీ పేపర్లో కొత్త కారు కొనేవాళ్ల కోసం ఒక పేజీ మొత్తం వేసినారు. సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు, డ్యాష్ కెమెరా అన్నీ బాగానే రాసినారు గానీ మ్యూజిక్ సిస్టం దగ్గరికి వచ్చేసరికి పెద్ద స్క్రీను, జాస్తి వాట్లు ఉండేది చూసుకోండి అని రెండు లైన్లతో సరిపెట్టేసినారు. ఈ లెటర్ ఆ రెండు లైన్ల గురించే. నేను చిత్తూర్లో కార్ల వైరింగ్ పని చేస్తా ఉంటాను, ఇటు పలమనేరు కుప్పం నుంచి అటు తిరుపతి పుత్తూరు నుంచి బండ్లు వస్తాయి, 2022లో జిల్లా విడిపోయింది గానీ రిపేరుకొచ్చే బండికి ఆ సరిహద్దు ఏం తెలుసు. అందులో కొత్తగా మ్యూజిక్ సిస్టం పెట్టించుకుని నెల తిరక్కుండానే బ్యాటరీ డౌన్ అయిందనో, డోర్‌లో గరగరా అంటోందనో, ట్వీటర్ (సన్న సౌండ్లు ఇచ్చే చిన్న స్పీకరు) పోయిందనో వచ్చేవి శానా ఉంటాయి.

మొదటిసారి సిస్టం మార్చుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదీ సామీ. డబ్బు ముందు ఫ్రంట్ డోర్ల స్పీకర్లకి, ఆ డోర్ల లోపలి పనికి, మంచి వైరుకి, ఫ్యూజుకి పోవాల. స్క్రీను, బాస్ ట్యూబు (బూం అనే లావు సౌండు కోసం డిక్కీలో పెట్టే గొట్టం స్పీకరు) ఆ తర్వాత. మన పిలకాయలు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు, డిక్కీలో ట్యూబు, ముందర ఇంత పెద్ద ఆండ్రాయిడ్ స్క్రీను, డోర్లలో మాత్రం కంపెనీ పేపర్ స్పీకర్లే.

వాట్ల సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే మీరు రాసింది దాని గురించే. ఏ స్టీరియో డబ్బా చూసినా 50 వాట్లు ఇంటూ 4 అని ఉంటుంది. అది పీక్, ఒక్క క్షణం కొట్టే మాక్సిమం. నిలకడగా ఇచ్చేదాన్ని ఆర్ఎంఎస్ అంటారు, అది డబ్బా మీద పెద్దక్షరాల్లో వేయరు, లోపల మాన్యువల్ చివరి పేజీల్లో చిన్నగా ఉంటుంది, చానెల్‌కి 15 నుంచి 22 వాట్లు, అంతే. నమ్మకం కుదరకపోతే సెట్టు వెనక్కి తిప్పి ఫ్యూజు చూడండి, శానా సెట్లకి 10 ఆంప్స్‌దే ఉంటుంది. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు కార్లో వోల్టేజీ 14.4 దాకా వస్తుంది, 14.4 ని 10 తో గుణిస్తే 144 వాట్లు, లోపలికి పోయేదే నిలకడగా 144 అయితే బయటికి 200 ఎట్ల వస్తాయి? ఎనిమిదో క్లాసు పిల్లోడికి కూడా అర్థమయ్యే లెక్క ఇది. ఒక అబ్బోడు బెంగళూరు జేసీ రోడ్డు నుంచి యాంప్లిఫయర్ (స్పీకర్లకి పవరు పెంచి ఇచ్చే డబ్బా, యాంప్ అంటాం) ఒకటి తెచ్చినాడు, బంగారు రంగులో 5000 వాట్లు అని రాసుంది, పక్కకి తిప్పితే 30 ఆంప్స్ ఫ్యూజు ఒక్కటి. 14 ఇంటూ 30, అంటే 420 వాట్లు లోపలికి. క్లాస్ ఏబీ యాంప్ అయితే అందులో సగం దాకా వేడిగా పోతుంది, క్లాస్ డీ అయితే 80 శాతం దాకా పనికొస్తుంది, ఎట్ల చూసినా మిగతా నాలుగున్నర వేల వాట్లు ఆ స్టిక్కర్లోనే ఉన్నాయి. యాంప్ కొనేటప్పుడు ఫ్యూజు చూడండి సార్, ఫ్యూజు అబద్ధం చెప్పదు.

స్పీకర్ల మీద రాసుండే వాట్లు ఇంకో రకం తికమక. 300 వాట్లు అని ఉంటే అది స్పీకరు ఇచ్చే సౌండు కాదు, అది తట్టుకునే పవరు, అదీ పీకే. స్పీకరుకి అసలు చూడాల్సిన నంబరు సెన్సిటివిటీ, దాన్ని కౌంటర్ దగ్గర అడిగినోడిని నేనింతవరకు చూడలేదు. ఒక వాట్ ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయో అదీ సెన్సిటివిటీ. 3 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ డబుల్ కావాల, అందుకని 89 ఉండే స్పీకరుకి 40 వాట్లు పెడితే వచ్చే సౌండు 92 ఉండే స్పీకరుకి 20 వాట్లతోనే వచ్చేస్తుంది. చెవికి రెండింతలు సౌండు అనిపించాలంటే ఇంకా ఘోరం, సుమారు 10 డెసిబెల్స్, అంటే పదింతల పవరు కావాల. యాంప్ లేకుండా సెట్టు పవరు మీదే నడిపించుకుందాం అనుకునేవాళ్లకి 90 కి పైన ఉండే స్పీకర్లే మేలు, ఆర్ఎంఎస్ 40, 50 వాట్లు తట్టుకుంటే శానా.

ఇంక డోర్లు. నా పనిలో ఎక్కువ టైము పోయేదీ, కస్టమరు డబ్బు పెట్టడానికి ఒప్పుకోనిదీ ఇదే. డోర్ ప్యానెల్ ఊడదీస్తే వెనక ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు నల్ల జిగురుతో అంటించుంటుంది. వాన నీళ్లు అద్దం రబ్బరు దాటుకుని డోర్ లోపలికి దిగి కింద రంధ్రాల్లోంచి పోతా ఉంటాయి, అవి క్యాబిన్ వైపు రాకుండా ఉండేదానికే ఆ షీటు. స్పీకరు మార్చేవాడు తొందర్లో దాన్ని చింపి పారేస్తే అప్పటికి ఏమీ తెలీదు, నవంబర్ డిసెంబర్లో తుపాను వానలు పట్టుకున్నప్పుడు కాళ్ల కింద మ్యాటు తడిసి వాసనొచ్చినప్పుడు తెలుస్తుంది. లోపల కంపెనీ స్పీకరు చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు, పేపర్ కోను, ప్లాస్టిక్ ఫ్రేము, వెనక పావలా అంత అయస్కాంతం. దాని చుట్టూ ఉండే రేకుని వేలితో కొడితే డబడబా అంటుంది. ఆ రేకు మీద బ్యూటైల్ షీట్, ఒకవైపు అల్యూమినియం రేకు ఇంకోవైపు మెత్తటి జిగురు ఉంటుంది, అది పెట్టి చిన్న రోలర్‌తో గట్టిగా రుద్ది అంటించి మళ్లీ కొడితే టక్ మని ఆగిపోతుంది. లోపలి రేకుకి ఉండే పెద్ద పెద్ద కంతలు కూడా మూసెయ్యాల, ఎందుకంటే స్పీకరు ముందుకి ఎంత గాలి తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది, ఆ వెనక గాలి కంతల్లోంచి ముందుకొచ్చి కలిస్తే బాస్ బాస్‌ని తినేస్తుంది. మనోళ్లు డిక్కీలో ట్యూబుకి పరిగెత్తేది డోర్‌లో బాస్ లేదనే కదా, శానా బండ్లలో ఆ బాస్ ఈ కంతల్లోనే పోతా ఉంటుంది. నాలుగు డోర్లకీ చేయించుకోనక్కర్లేదు, ముందు రెండింటికి చేయించుకోండి చాలు. తారు షీట్లు మాత్రం వద్దు, చవగ్గా వస్తాయి గానీ ఏప్రిల్ మే ఎండలకి మెత్తబడి జారతాయి, కారు తలుపు తీస్తే రోడ్డు వేసేచోట నిలబడినట్టు వాసన.

సైజు గురించి కూడా ఒక మాట. 6.5 అంగుళాలు అని రాసుంటే ఏ డోర్‌లో అయినా కూర్చుంటుందని కాదు, వెనక అయస్కాంతం లోతు కూడా చూడాల, అద్దం పూర్తిగా కిందికి దించి కొలవాల, లేకపోతే అద్దం వచ్చి అయస్కాంతానికి తగులుతుంది. స్పీకరుకీ డోర్‌కీ మధ్య పెట్టే రింగు చెక్కపొడి బోర్డుతో చేసిందైతే తడికి ఉబ్బిపోతుంది, ప్లాస్టిక్‌ది తీసుకోండి.

కోయాక్సియలా కాంపోనెంటా అని అందరూ అడుగుతారు. కోయాక్సియల్‌లో ట్వీటర్ స్పీకరు మధ్యలోనే ఉంటుంది, కంపెనీది తీసి ఇది బిగిస్తే అయిపోయింది, ఖర్చు తక్కువ. కాంపోనెంట్‌లో ట్వీటర్ వేరే, లావు సౌండ్లు ఇచ్చే వూఫర్ వేరే, రెంటికీ సౌండు పంచేదానికి క్రాసోవర్ అని చిన్న డబ్బా. మన డోర్ స్పీకర్లు మోకాలి దగ్గర ఉంటాయి, సన్న సౌండ్లు నేరుగా పోతాయి గానీ వంగి రావు, మోకాలికి తగిలి ఆడే ఆగిపోతాయి. ట్వీటర్‌ని పైన సైడ్ మిర్రర్ లోపలి మూలలో పెడితే పాట ఎదురుగా అద్దం ముందర పాడతా ఉన్నట్టు ఉంటుంది. మీ కారుకి అక్కడ కంపెనీ ట్వీటర్ ముందే ఉంటే కాంపోనెంట్ తీసుకోండి, లేకపోతే మొదటిసారికి మంచి కోయాక్సియల్ చాలని నా లెక్క. వెనక డోర్లని ముట్టుకోవద్దు, అవి కంపెనీవే ఉండనీండి, వెనక సీట్లో కూర్చున్నోళ్లకి వినబడితే చాలు. డిక్కీ పైన ట్రే మీద 6 ఇంటూ 9 ఓవల్ స్పీకర్లు కొట్టించుకోవడం ఇంగా ఈడ ఫ్యాషనే, హ్యాచ్‌బ్యాక్ ట్రే అట్టముక్క లాంటిది, దాని మీద అంత బరువు పెడితే పాట కంటే ట్రే గోలే ఎక్కువ.

షాపులో బోర్డు మీద బిగించి వినిపిస్తారే, దాన్ని చూసి కూడా తీర్మానం చేసుకోకండి. ఆ బోర్డు మందపాటి చెక్క, మీ డోర్ పల్చటి రేకు. పైగా వాళ్లు పెట్టేది డీజే రీమిక్స్, దాని మీద ఏ స్పీకరైనా బాగానే అనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో మీకు బాగా తెలిసిన పాటలు తీసుకుపోండి. నేనైతే నాదస్వరం డోలు కలిసి ఉండే రికార్డింగ్ పెడతాను, నాదస్వరం గీరుకుంటున్నట్టు వినిపిస్తే ట్వీటర్ బాగలేదని, డోలు దెబ్బ తగిలి ఆగకుండా బూం అని సాగితే వూఫర్ బాగలేదని తెలిసిపోతుంది. బ్రాండ్ల గురించి కొట్లాడుకునేవాళ్లకి ఇంకో సంగతి, జేబీఎల్, ఇన్ఫినిటీ రెండూ హర్మన్ వాళ్లవే, ఆ హర్మన్‌ని 2017లో శాంసంగ్ కొనేసింది. పేరు మీద కొట్లాడే బదులు సెన్సిటివిటీ, ఆర్ఎంఎస్, లోతు, ఈ మూడు నంబర్లు రెండిటికీ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

స్క్రీను సంగతికొస్తే, మీ కంపెనీ సెట్‌లో ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే (ఫోన్లో ఉండేది కారు స్క్రీను మీద చూపించేవి) ఉంటే దాన్ని తీయనే వద్దు. పాత బండికి సెట్టే లేదు లేదా బ్లూటూత్ కూడా లేదంటే అప్పుడు కొనండి. సింగిల్ డిన్, డబుల్ డిన్ అంటారు, డిన్ అనేది జర్మనీ స్టాండర్డ్స్ సంస్థ పేరు, డబుల్ డిన్ అంటే సుమారు 18 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. పేరులేని ఆండ్రాయిడ్ స్క్రీన్లు 9 అంగుళాలు, 10 అంగుళాలు చవగ్గా దొరుకుతాయి, లోపల ర్యామ్ 1 జీబీ, 2 జీబీ, రివర్స్ కెమెరా రావడానికే నిలబడి ఆలోచిస్తాయి, మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు బండి పెట్టి వస్తే కొన్ని ఆన్ కూడా కావు. అదే డబ్బుకి పయనీర్, సోనీ, కెన్‌వుడ్ లాంటివాటిలో చిన్న స్క్రీను వచ్చినా మేలే. వెనక ప్రీఅవుట్ (సెట్టు నుంచి యాంప్‌కి సౌండు పోయే సాకెట్) ఎన్ని వోల్టులో అడగండి, 2 కంటే 4 ఉంటే రేపు యాంప్ పెట్టుకున్నప్పుడు సౌండు శుభ్రంగా వస్తుంది.

బిగించేటప్పుడు వైర్లు కోయనియ్యకండి. మీ కారు మోడల్‌కి సరిపడే కప్లర్ దొరుకుతుంది, ఒకవైపు కారు సాకెట్‌కి ఇంకోవైపు కొత్త సెట్టుకి, టేపు చుట్టే పనే లేదు. వైరు కోసి మెలిపెట్టిన బండ్లలో నాకు ఎక్కువగా కనిపించేది పసుపు ఎరుపు తారుమారు. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, సెట్టింగులు గుర్తుండేదానికి. ఎరుపు తాళం తిప్పితే వచ్చేది. రెండూ మార్చి కలిపితే తాళం తీసిన ప్రతిసారీ టైము, రేడియో స్టేషన్లు అన్నీ పోతాయి, కస్టమరేమో సెట్టు డూప్లికేటని షాపు మీద కొట్లాటకి పోతాడు. నీలం మీద తెల్ల గీత ఉండేది యాంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరు, దాన్ని వదిలేసి యాంప్‌ని నేరుగా కరెంటుకి కలిపేస్తే బండి ఆపినా యాంప్ ఆన్‌లోనే ఉండి బ్యాటరీని తాగేస్తుంది.

యాంప్ వైరింగ్ మాత్రం భయం పెట్టుకుని చేయించాల్సిన పని. బ్యాటరీ నుంచి లావుపాటి వైరు ఇంజన్ గోడలోంచి లోపలికి రావాల, ఆ గోడ రేకు, కంత అంచు కత్తిలా ఉంటుంది. అక్కడ రబ్బరు గ్రామెట్ (కంత అంచుకి వేసే రింగు) లేకుండా వైరు దూర్చేసిన బండి ఒకటి మొన్న వచ్చింది, ఇంజన్ అదురుకి రుద్దుకుని రుద్దుకుని ఇన్సులేషన్ సగం తెగి రాగి కనపడతా ఉంది, ఫ్యూజేమో యాంప్ దగ్గర డిక్కీలో పెట్టినారు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే, అడుగున్నర లోపే ఉండాల. అది కాపాడేది యాంప్‌ని కాదు, ఆ వైరుని, బండిని. వైరు రేకుకి తగిలిందంటే బ్యాటరీలో ఉండేదంతా ఆ చోటే వచ్చి పడుతుంది, మధ్యలో ఆపేది ఏమీ లేకపోతే కార్పెట్ అంటుకునేదానికి ఎంతోసేపు పట్టదు. వైరు కొనేటప్పుడు చివర బ్లేడుతో గీరి చూడండి, లోపల తెల్లగా వచ్చిందంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, సీసీఏ అంటారు, అదే లావులో కరెంటు తక్కువ మోస్తుంది, వేడెక్కుతుంది. ఓఎఫ్‌సీ అని నిజమైన రాగి వైరు రేటు ఎక్కువే, అయినా అదే కొనండి. గ్రౌండు వైరు (యాంప్ నుంచి బండి బాడీకి కలిపేది) పొట్టిగా, పెయింటు గీకిన రేకుకి బోల్టు వేసి బిగించాల. సెట్టు నుంచి యాంప్‌కి సౌండు మోసే ఆర్‌సీఏ కేబుల్ ఒక పక్క నుంచి పవర్ వైరు ఇంకో పక్క నుంచి తీసుకోండి, లేదంటే యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ స్పీకర్లలో కుయ్ మని సన్నగా ఏడుపు.

బాస్ కావాలనే మనసు ఉంటే నేను వద్దనను. చిన్న బండికి సీటు కింద పట్టే యాక్టివ్ సబ్‌వూఫర్ (బాస్ కోసమే ఉండే స్పీకరు) శానా, యాంప్ దాంట్లోనే ఉంటుంది, శానావాటికి 8 అంగుళాల స్పీకరు, డిక్కీ ఖాళీగా ఉంటుంది. కొనకముందే సీటుని ముందుకీ వెనక్కీ జరిపి కింద ఎంత ఎత్తుందో చూసుకోండి, కొన్ని బండ్లలో వెనక సీటుకి ఏసీ గాలి పోయే గొట్టం అక్కడే ఉంటుంది. డిక్కీలో బాక్సే కావాలంటే మూసి ఉండే సీల్డ్ బాక్స్ తీసుకోండి, సౌండు తక్కువైనా దెబ్బ దెబ్బగా వినపడుతుంది, ఆ ట్యూబుల్లో ఒకే రకం బూం బూం. ఏ బాక్సైనా బెల్టు వేసి బిగించండి, ఊరికే పెట్టేసి తిరుమల ఘాట్ ఎక్కితే ప్రతి మలుపుకీ ఈ పక్క నుంచి ఆ పక్కకి దొర్లి డిక్కీ ప్లాస్టిక్ అంతా పగలగొడుతుంది.

యాంప్ మీద గెయిన్ అని ఒక నాబు ఉంటుంది, దాన్ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. అది సెట్టు ఇచ్చే వోల్టేజీకి యాంప్‌ని సరిచేసుకునేదానికి. గెయిన్ జీరోలో పెట్టి, సెట్టు వాల్యూమ్ ముప్పావు దాకా పెంచి, బాస్ ట్రెబుల్ అన్నీ మధ్యలో పెట్టి, మెల్లగా గెయిన్ తిప్పతా పోండి, గొంతు పగిలినట్టు వినపడగానే కొంచెం వెనక్కి తిప్పి వదిలేయండి. డోర్ స్పీకర్లకి హైపాస్ (దానికి పైన సౌండ్లే పోనిచ్చేది) 80 హెర్ట్జ్, సబ్‌వూఫర్‌కి లోపాస్ (దానికి కింద సౌండ్లే పోనిచ్చేది) 80 హెర్ట్జ్ పెట్టుకుంటే మొదలుపెట్టేదానికి సరిపోతుంది. ట్వీటర్లు కాలిపోయేది పెద్ద యాంప్ పవర్ ఎక్కువవడం కంటే, చిన్న యాంప్‌ని పిండి పిండి సౌండు పగలగొట్టడం వల్లే జాస్తి. చెవుల సంగతి కూడా అంతే, అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ అనే సర్కారు సంస్థ లెక్కలో 85 డెసిబెల్స్ రోజుకి 8 గంటల దాకా పరవాలేదు, 88 అయితే 4 గంటలే, ప్రతి 3 డెసిబెల్స్‌కి టైము సగం. రాత్రి పది దాటినాక అద్దాలు దించి మా వీధిలో తిరిగే ఎర్ర కారు అబ్బోడు ఈ పేపర్ చదువుతాడో లేదో మరి.

ఇరవై వేలు పెట్టుకునేవాడు నన్నడిగితే సగం ఫ్రంట్ స్పీకర్లకి, నాలుగైదు వేలు డోర్ డ్యాంపింగ్‌కి (ఆ బ్యూటైల్ షీట్ పని) బిగింపుకి, మిగిలింది బ్యాంకులో ఉంచుకొమ్మని చెప్తాను. ఒక నెల అట్లే వినండి. శానామందికి ఆ తర్వాత యాంప్ ఊసే ఉండదు. తక్కువ అనిపిస్తే అప్పుడు నాలుగు చానెళ్ల చిన్న క్లాస్ డీ యాంప్, ఇంకా అనిపిస్తే సీటు కింద సబ్‌వూఫర్. చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో రేటు తక్కువని పోయేవాళ్లు పోండి, కానీ రేపు గరగరా అంటే మళ్లీ బస్సెక్కి చెన్నై పోయేది మీరే, ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

మీకు నాదొక విన్నపం సార్. షాపులోళ్లు బిల్లులో మ్యూజిక్ సిస్టం ఒకటి అని రాసిచ్చి పంపిస్తా ఉండారు, మోడల్ నంబరు లేదు, ఆర్ఎంఎస్ లేదు, వైరు రాగిదా సీసీఏనా లేదు. మోడల్ పేరు, ఆర్ఎంఎస్, వారంటీ ఎన్నాళ్లు అనేవి బిల్లు మీద రాయించుకోమని మీ పేపర్లో ఒక బాక్స్ కట్టి వేయండి. జీఎస్టీ బిల్లు ఇవ్వనంటే ఆడ కొనకుండా వచ్చేయమనండి. గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, బిల్లు లేకుండా వాళ్లకి చెప్పుకునేదానికి ఏముంటుంది. ఇన్సూరెన్సు రెన్యూవల్ అప్పుడు కూడా ఆ బిల్లు కావాల, బయట పెట్టించిన ఎలక్ట్రికల్ సామానుకి ఐఎంటీ 24 అని వేరే ఎండార్స్‌మెంట్ ఉంటుంది, అది లేకుండా దొంగతనం జరిగితే స్టీరియోకి పైసా రాదు.

ఇంకోటి మర్చిపోయినా. పాత కంపెనీ స్పీకర్లు, సెట్టు, క్లిప్పులు షాపులో వదిలేసి రాకండి, అట్టపెట్టెలో కట్టి అటక మీద పడేయండి. బండి అమ్మేటప్పుడు కొత్తవి తీసుకుని పాతవి బిగించి ఇచ్చేయొచ్చు.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
చిత్తూరు.